ఒక్క మేకు కూడా కొట్టలేదట!

కిందటేడు మా బావ సొంతంగా చేసుకున్న పుస్తకాల బీరువా చూపించడానికి పిలిచాడు. వైట్ ఓక్ కర్ర. మూలల్లో డవ్‌టెయిల్ అతుకులు, అంటే పావురం తోక ఆకారంలో కోసి ఒకదాంట్లో ఒకటి దించే అతుకులు, గోరు దూరే సందు లేకుండా కూర్చున్నాయి. తలుపులు వేలితో నెడితే చప్పుడు లేకుండా మూసుకుంటున్నాయి. చిత్రిక పట్టిన తీరు చూస్తే నాకు కాస్త అసూయ కూడా కలిగింది. మెచ్చుకుందామని నోరు తెరిచేలోపే బావ అందుకున్నాడు: “ఒక్కటంటే ఒక్క మేకు కొట్టలేదు, చూసుకో!”

ఈ మాట నాకు కొత్తేమీ కాదు. చెక్కపని కొంచెం చేయి తిరిగినవాళ్లందరూ ఎప్పుడో ఒకప్పుడు అనే మాటే. నేనూ అన్నాను. నా మొదటి టీపాయ్ చూడటానికి వచ్చినవాళ్లందరికీ దాన్ని తలకిందులు చేసి మరీ చూపించాను, మేకు లేదు చూడండి అని. ఆ టీపాయ్ కాలు ఊగుతుందన్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

సరే, బీరువా వెనక్కి వెళ్లి చూశాను. నాలుగు పలకల్ని అంచులు కలిపి జిగురుతో అతికించి, సుమారు 600 మి.మీ. వెడల్పున ఒకే పెద్ద పలక చేశాడు. దాన్ని చుట్టూ గాడిలో దించి, నాలుగు పక్కలా మళ్లీ జిగురు పెట్టి బిగించేశాడు. “బావా, తేమకు ఉబ్బి, పొడికి ముడుచుకుని ఇది కదలాలంటే చోటేది?” అని అడుగుదామనుకున్నాను. ఆ మొహంలో సంతోషం చూశాక అడగబుద్ధి కాలేదు. టీ తాగి వచ్చేశాను.

ఆ రోజు అడగని మాటే ఇప్పుడు రాస్తున్నాను. గట్టి కర్రతో చేసిన సామానులో కొన్ని చోట్ల మేకే సరైన అతుకు, అది కట్ నెయిల్ అయితే ఇంకా మంచిది అన్నది నా అభిప్రాయం. దీన్ని చివరిదాకా నిలబెట్టుకోగలనా అన్న అనుమానం నాకూ ఉంది. ఎందుకంటే చేవ ఉన్న కర్ర దగ్గరికి వచ్చేసరికి కట్ నెయిల్ గురించి చెప్పుకునే గొప్పల్లో సగం రాలిపోతాయి.

పేర్ల సంగతి ముందే తేల్చేస్తాను. ఉక్కు రేకును అడ్డంగా కత్తిరించి చేసే పాతకాలపు నలుపలకల మేకును, అంటే ఇందాకటి కట్ నెయిల్‌ను, కోత మేకు అంటాను. ఇప్పుడు ఎక్కడ చూసినా కనిపించే గుండ్రటి మేకు తీగను తెంపి చేసేది కాబట్టి అది తీగ మేకు.

మేకంటే ఈ చిన్నచూపు ఎక్కడిది?

మేకు లేకపోవడమే గొప్ప అనేవాళ్లు సాధారణంగా రెండు సాక్ష్యాలు చూపిస్తారు. ఒకటి జపాన్ ఆలయాలు, రెండోది పద్దెనిమిదో శతాబ్దపు మహాగని సామాను. రెండింటిలోనూ మేకులున్నాయి.

జపాన్‌లోని హోర్యూజీ ఆలయంలో 7వ శతాబ్దంలో సాగగొట్టిన ఇనుప మేకులు మరమ్మతులప్పుడు బయటపడ్డాయి. అంత గొప్ప కొయ్య అతుకులు వేసిన మనుషులు, అవసరమైన చోట మొహమాటం లేకుండా మేకు దిగ్గొట్టారు. ఇక పాత మహాగని, వాల్‌నట్ బీరువాల సంగతి. ముందు నుంచి చూస్తే నిజంగానే మేకు కనబడదు. వెనక్కి తిప్పితే వెనక పలకలు గాడి అంచుకు మేకులతోనే కొట్టి ఉంటాయి. సొరుగు లాగి బోర్లిస్తే అడుగు పలకకు వెనకవైపు మేకులుంటాయి. పైన అందంగా చుట్టూ తిరిగిన అంచు పట్టీని కూడా చాలాసార్లు సన్న మేకులే పట్టుకుని ఉంటాయి. మనం ముందువైపు చూసి మురిసిపోయి, వెనకవైపు చూడకుండానే సూత్రాలు చెబుతున్నాం.

మేకుకు ఒకప్పుడు విలువ కూడా ఉండేది. 17వ శతాబ్దంలో అమెరికాలోని వర్జీనియాలో పాత ఇల్లు వదిలిపోయేవాళ్లు మేకుల కోసం దాన్ని తగలబెట్టకుండా చట్టం చేయాల్సి వచ్చింది. ఆర్థికవేత్త ఆడమ్ స్మిత్ 1776లో, ఆ పని తప్ప ఇంకో పని ఎరగని కుర్రాళ్లు గట్టిగా పూనుకుంటే ఒక్కొక్కరు రోజుకు 2,300కు పైగా మేకులు కొట్టడం చూశానని రాశాడు. ఒక్కో మేకును కొలిమిలో కాల్చి, సాగగొట్టి, కొన తీసి, తెంపి, తల కొట్టాలి. ఆ లెక్క చదివినప్పుడల్లా నాకు మణికట్టు నొప్పి పుడుతుంది.

ఆ తర్వాత యంత్రాలొచ్చాయి. అమెరికాలో జేకబ్ పెర్కిన్స్ మేకుల యంత్రానికి 1795లో పేటెంట్ తీసుకున్నాడు. రేకును ఏటవాలుగా కత్తిరిస్తూ పోతే ఒక్కో ముక్కా ఒక మేకు. దాదాపు వందేళ్లు రాజ్యమేలింది ఈ కోత మేకే. 1890ల నాటికి ఉక్కు తీగ చవకై, తీగ మేకు దాన్ని పక్కకు నెట్టేసింది. తీగ మేకు బాగా పట్టుకుంటుందని కాదు, చవక అని. మేకు పిడికిళ్లకొద్దీ దొరకడం మొదలయ్యాక, పని రానివాడు కూడా దాన్ని ఎడాపెడా వాడాడు. అక్కడి నుంచే మేకు అంటే చేతకానివాడి అతుకు అన్న పేరొచ్చిందని నా ఊహ. ఏకు మేకై కూర్చున్నట్టు అంటారు కదా, ఇక్కడ మేకే ఏకులా తేలికైపోయింది.

పాతదంతా పవిత్రం అనుకునేవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. తర్వాత అమెరికా అధ్యక్షుడైన థామస్ జెఫర్సన్ 1794లో తన మాంటిచెల్లో ఎస్టేట్‌లో మేకుల కొలిమి పెట్టాడు. అందులో పనిచేసింది పది నుంచి పదహారేళ్ల లోపు బానిస పిల్లలు. రెండేళ్లకు మేకులు కత్తిరించే యంత్రం కూడా తెప్పించాడు. పాత మేకు తలమీద సుత్తి దెబ్బల అందం గురించి ఎవరైనా పరవశించిపోతుంటే నాకు ఆ పిల్లలు గుర్తొస్తారు. కోత మేకును నేను సమర్థించేది అది పాతదని కాదు, దాని ఆకారం చూసి.

మేకు తిరగాల్సిన వైపు

కోత మేకును చేతిలోకి తీసుకుని తిప్పి చూడండి. రెండు ముఖాలు పైనుంచి కిందికి ఒకే మందంతో సమాంతరంగా పోతాయి. మిగతా రెండు ముఖాలు తల నుంచి కొనకు సన్నబడతాయి. చేత సాగగొట్టిన పాత మేకైతే నాలుగు వైపులా సన్నబడుతుంది. పాత సామాను వయసు అంచనా వేసేవాళ్లు మొదట చూసే గుర్తుల్లో ఇదొకటి. కోత మేకు కొన మొద్దుగా ఉంటుంది, ముల్లులా ఉండదు.

ఆ మొద్దు కొనే అసలు కిటుకు. తీగ మేకు కొన సూదిగా ఉండి కర్ర పోగుల్ని పక్కలకు తోసుకుంటూ దిగుతుంది. అంచుకు దగ్గరైతే ఆ తోపుకు కర్ర బీటలిస్తుంది. మొద్దు కొన పోగుల్ని తెంచుకుంటూ, కిందికి వంచుకుంటూ దిగుతుంది. అలా వంగిన పోగులు మేకు ఒంటికి ఆనుకుని, వెనక్కి లాగితే అడ్డం పడతాయి. అంటే ఇది ఏకకాలంలో చిన్న ఉలి, కట్టెలు చీల్చడానికి దిగ్గొట్టే లాంటి చిన్న చీలిక.

చీలిక అన్నాను కాబట్టి ప్రమాదం ఎక్కడుందో కూడా తెలిసిపోయింది. సన్నబడే ముఖాలు పోగుకు, అంటే కర్రలో పోగులు సాగే దిశకు, అడ్డంగా నెట్టేలా మేకు పెడితే, కట్టెలు చీల్చే పనిని మనమే దగ్గరుండి చేయించినట్టు. మేకు వెడల్పు పోగు వెంబడి ఉండాలి. అప్పుడు చీలిక నొక్కుడు పోగుల చివరల మీద పడుతుంది, కర్ర అటువైపు బలంగా ఉంటుంది కాబట్టి తట్టుకుంటుంది.

చెప్పడానికి ఇంతే. నేను నేర్చుకున్నది మాత్రం పలక పగలగొట్టి. ఒక చిన్న అలమర పక్క పలకలోంచి లోపలి అరలోకి మేకులు కొడుతున్నాను. అర పోగు అడ్డంగా ఉంది, పక్క పలక పోగు నిలువుగా ఉంది. ఏ పోగు చూసి తిప్పాలో తేల్చుకోలేక అర పోగు చూసి తిప్పాను. మూడో దెబ్బకు పక్క పలక పైనుంచి జానెడు పొడవున నోరు తెరిచింది. పక్కనే కూర్చుని చూస్తున్న మామయ్య ఏమీ అనలేదు. లేచి వచ్చి, రెండో మేకును వేళ్లతో తొంభై డిగ్రీలు తిప్పి, మళ్లీ వెళ్లి కూర్చున్నాడు. చీలేది ముందు తగిలే పలక కాబట్టి దాని పోగే లెక్క అని నాకు అర్థం కావడానికి ఒక పలక ఖర్చయింది.

మామయ్య దగ్గరే నేర్చుకున్న ఇంకో సంగతి చప్పుడు. కోత మేకు దిగుతున్నకొద్దీ దెబ్బ చప్పుడు సన్నబడుతూ పైకి పోతుంది. మెత్తటి కర్రలో ఇది నింపాదిగా జరుగుతుంది. ఓక్‌లో రెండు మూడు దెబ్బలకే కీచుమంటుంది. “వినపడట్లేదా? ఆపు” అనేవాడు. ఆపి, మేకు బయటికి లాగి, బెజ్జం ఇంకొంచెం లోతు చేసి మళ్లీ కొట్టేవాడు. ఆపకపోతే ఏమవుతుందో పైన చెప్పాను.

చేవ కర్రలో కథ వేరు

ఇక నన్ను ఇబ్బంది పెట్టే భాగం. పైన చెప్పిన పోగులు వంగి అడ్డం పడే కథంతా పైన్ లాంటి మెత్తటి కర్రలో చక్కగా కుదురుతుంది. చేవ కర్రలో పోగులు అంత తేలిగ్గా వంగవు. చోటు లేక పక్కకు ఒత్తుతాయి, తర్వాత కర్ర పగులుతుంది, లేదా మేకు వంగుతుంది. కాబట్టి గట్టి కర్రలో కోత మేకైనా సరే ముందు బెజ్జం వేయకుండా కొట్టడం జూదమే. బెజ్జం వేశాక పోగుల్ని తెంచాల్సిన పని చాలావరకు బరమానే చేసేస్తుంది. మరి మొద్దు కొనకు మిగిలిన ఘనత ఏమిటి?

బావ ఈ మాటే ఇంకోలా అన్నాడు. “అంతేనా? తీగ మేకు కొనను ఇనుప దిమ్మె మీద తిప్పి పెట్టి ఒక్క దెబ్బ వేస్తే అదీ మొద్దవుతుంది. దానికోసం ప్రత్యేకంగా మేకులు తెప్పించుకోవాలా?” అతను చెప్పింది నిజమే. కొన మొద్దు చేసిన తీగ మేకు కర్రను తక్కువ చీలుస్తుందని ఎప్పటినుంచో తెలిసిన విషయం. దీనికి నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. అమెరికా ఫారెస్ట్ ప్రాడక్ట్స్ లేబొరేటరీ ప్రచురించే వుడ్ హ్యాండ్‌బుక్‌లో మేకును కర్రలోంచి బయటికి లాగడానికి ఎంత బలం కావాలో ఒక సూత్రం ఉంది. అది నున్నటి తీగ మేకులకు చెప్పిన సూత్రం. దాని ప్రకారం మేకు పట్టు కర్ర సాంద్రతకు రెండున్నర ఘాతంలో పెరుగుతుంది. వైట్ పైన్ సాపేక్ష సాంద్రత 0.35 దగ్గర, వైట్ ఓక్‌ది 0.68 దగ్గర. సాంద్రత రెట్టింపు కూడా కాలేదు, పట్టు మాత్రం ఐదు రెట్లు దాటిపోయింది. అంటే ఓక్‌లో ఏ మేకు కొట్టినా గట్టిగానే పట్టుకుంటుంది. పట్టు కోసం కోత మేకు కావాలనే వాదన గట్టి కర్రలో చాలా పలచబడిపోతుంది. ఈ లెక్క చూసిన రోజు ఈ వ్యాసం రాయడం మానేద్దామనుకున్నాను.

తర్వాత రెండు మిగులు ముక్కల మీద పరీక్ష పెట్టుకున్నాను. ఒకే ఓక్ పలక, ఒకే లోతు బెజ్జం. ఒక దాంట్లో తీగ మేకు, ఒక దాంట్లో కోత మేకు. రెండూ పగలలేదు, రెండూ పట్టుకారుకు సులువుగా రాలేదు. తేడా కనిపించింది తర్వాత. పై ముక్కను పక్కకు అటూ ఇటూ గట్టిగా ఊపాను. తీగ మేకు బెజ్జంలో కాస్త తిరిగింది. కోత మేకు తిరగలేదు. గుండ్రటిది గుండ్రటి బెజ్జంలో తిరుగుతుంది, నలుపలకలది తిరగదు. ఇంత చిన్న విషయానికి ఇంత ఆలోచన ఎందుకు పట్టిందో. రెండు ముక్కల పరీక్షతో శాస్త్రం తేలదని నాకూ తెలుసు. అయినా అక్కడి నుంచి నా ఆలోచన పట్టు మీద నుంచి కదలిక మీదికి మళ్లింది.

అంతకుముందు బెజ్జం సంగతి. గట్టి కర్రలో నేను మేకు పొడవులో మూడింట రెండు వంతుల లోతు బెజ్జం వేస్తాను. బరమా ముక్కు మేకు కొన వెడల్పుకు దగ్గరగా ఉండాలి. మరీ గట్టి కర్రైతే పై సగం ఒక సైజు పెద్ద ముక్కుతో వెడల్పు చేస్తాను, మేకు ఆకారం కూడా అలాగే ఉంది కాబట్టి. సైజుకు పాత లెక్క ఒకటి పనికొస్తుంది: పలక మందంలో అంగుళానికి ఎనిమిదో వంతులు ఎన్నుంటే అన్ని పెన్నీల మేకు (పెన్నీ అంటే మేకు పొడవుకు పాత ఇంగ్లీషు కొలత). ముప్పావు అంగుళం పలకలో అలాంటివి ఆరు కాబట్టి ఆరు పెన్నీల మేకు, అంటే రెండంగుళాలది. కర్ర గట్టిదైతే ఒక సైజు తగ్గించాలి. ఏ లెక్క పాటించినా, అదే పలక మిగులు ముక్క మీద ఒక మేకు దించి చూడకుండా అసలు పని మీద చెయ్యి వేయను. గోడలకు కొట్టే గట్టిపరచిన కోత మేకులు కూడా దొరుకుతాయి, చూడటానికి ఇవే అనిపిస్తాయి. సామానుకు అవి వద్దు, అవి వంగవు. వంగడం ఎందుకు కావాలంటే…

స్క్రూ చేయలేని పని

బెజ్జం వేయక తప్పనప్పుడు స్క్రూనే వేయొచ్చు కదా అన్నది బావ అస్త్రాల్లో పదునైనది. స్క్రూ గట్టిగా పట్టుకుంటుంది, కావాలంటే విప్పుకోవచ్చు. నిజమే. గట్టిగా పట్టుకోవడమే దానితో వచ్చిన చిక్కు.

కర్ర వెడల్పులో పెరుగుతుంది, తగ్గుతుంది. పొడవులో దాదాపు కదలదు. ప్లెయిన్ సా పద్ధతిలో, అంటే దుంగను వరసగా పలకలుగా కోసి తీసిన 300 మి.మీ. వైట్ ఓక్ పలకలో తేమ 8 శాతం నుంచి 12 శాతానికి వెళితే వెడల్పు 4 మి.మీ. పైన పెరుగుతుంది. కదలిక తక్కువని పేరున్న టేకు కూడా అంతే వెడల్పులో 2 మి.మీ. దాటుతుంది. ఒక పలక పోగు నిలువుగా, దాని కిందిది అడ్డంగా ఉండి రెండింటినీ వరసగా స్క్రూలతో బిగిస్తే, కదిలే పలకకు దారి లేదు. స్క్రూ వంగదు. కదలాల్సిన పలకే పగులుతుంది. స్క్రూకు బెజ్జం సాగదీసి కోడిగుడ్డు ఆకారంలో చేస్తే కదలిక వీలవుతుంది. టేబుల్ పలకల కింద నేనూ అలాగే చేస్తాను. వెనక పలకలకు, అంచు పట్టీలకు, సొరుగు అడుగులకు పదుల సంఖ్యలో అలా సాగదీస్తూ కూర్చునే ఓపిక ఎవరికుంది?

సన్న మేకు కొంచెం వంగుతుంది. పలక ఓ మిల్లీమీటరు అటు జరిగితే మేకు దానితో పాటు వాలి, మళ్లీ తిరిగి వస్తుంది. ఇక్కడే కోత మేకు నాకు నచ్చింది. పలక చీలకుండా మేకు వెడల్పును పోగు వెంబడి పెట్టాం కదా. పలక కదిలేది పోగుకు అడ్డంగా. అంటే మేకు వంగాల్సింది దాని సన్న మందం వైపుకు. పలకను కాపాడటానికి తిప్పిన తిప్పుడే వంగడానికీ సరిగ్గా కుదిరింది. గుండ్రటి మేకుకు ఏ వైపైనా ఒకటే. ఇది ఎవరో చెప్పగా విన్నది కాదు, కాగితం మీద మేకు బొమ్మ గీసుకుంటుంటే తట్టింది. తప్పుంటే తిట్టండి.

అంచు పట్టీ దీనికి మంచి ఉదాహరణ. బీరువా పక్క పలక పోగు నిలువుగా ఉంటుంది. దాని మీద అడ్డంగా కూర్చునే పట్టీ పోగు అడ్డంగా ఉంటుంది. పట్టీ మొత్తానికి జిగురు పెడితే పక్క పలక పగలడం ఖాయం. ముందు మూల దగ్గర రెండు మూడు అంగుళాలు జిగురు, వెనకంతా సన్న మేకులు. మూల విడదు, వెనకవైపు పలక తన ఇష్టం వచ్చినట్టు కదులుతుంది. పాతవాళ్లు చేసింది ఇదే. దీనికి ఇంతకంటే సులువైన ఉపాయం నాకింతవరకు కనబడలేదు.

ఇలాంటి చోట చాలామంది ఆరు పలకల పెట్టెల్ని సాక్ష్యంగా తెస్తారు. ఇంగ్లండులో, అమెరికాలోని న్యూ ఇంగ్లండులో 17వ శతాబ్దంలో ఓక్, పైన్ పలకలు ఆరింటిని మేకులతో కొట్టి చేసిన పెట్టెలు ఇప్పటికీ ఉన్నాయి. ముందు పలక పోగు అడ్డంగా, పక్క పలక పోగు నిలువుగా, పుస్తకం ప్రకారం ఎప్పుడో పగిలిపోవాల్సినవి. మూడొందల ఏళ్లు నిలిచాయి చూశారా అంటారు. నాకు ఆ వాదన మీద పూర్తి నమ్మకం లేదు. పగిలినవి పొయ్యిలోకి పోయాయి, మిగిలినవే మ్యూజియంలోకి వచ్చాయి. పైగా నిలిచినవాటిలోనూ ముందు పలక మీద నిలువెత్తు బీటలున్నవి ఎన్నో. ఆ పెట్టెలు నాకు చెప్పేది ఒకటే: పలక పగిలినా మేకు వదల్లేదు, పెట్టె పెట్టెలాగే ఉంది.

నేను కొట్టని చోట్లు

కుర్చీలో మేకు కొట్టను. కుర్చీ అతుకు రోజూ ఊగుతుంది, ఆ ఊపుకు మేకు నిలవదు. బల్ల కాళ్లకు కొట్టను. తలుపు ఫ్రేముకు కొట్టను. ఇక్కడ కొయ్య అతుకు, జిగురు తప్ప వేరే మాట లేదు, బావ నూటికి నూరు పాళ్లు కరెక్టు. పలక చివర కోసిన ముఖంలోకి, అంటే పోగు పొడవునా దిగే మేకును కూడా పెద్దగా నమ్మను. అక్కడ పట్టు బాగా తగ్గుతుంది. తప్పనిసరైతే మేకుల్ని ఎదురెదురుగా ఏటవాలుగా కొడతాను, ఒకటి లాగితే ఇంకొకటి అడ్డం పడేలా.

ఓక్‌లో ఇంకో తలనొప్పి మరక. ఓక్ కర్రలో టానిన్ అనే వగరు పదార్థం ఎక్కువ. ఇనుము తగిలి, తేమ తోడైతే మేకు చుట్టూ నీలం కలిసిన నలుపు మచ్చ తేలుతుంది. కొందరికి అదే అందం. నా మటుకు ముందువైపు కనిపించేచోట ఓక్‌లో ఇనుప మేకు పెట్టను. వెనకవైపు పడ్డా పట్టించుకోను. తడి తగిలే సామానుకైతే ఇనుమే వద్దు.

కోత మేకు ఆకారంలోనే ఉన్న లోపం ఒకటుంది. దాన్ని ఇష్టపడేవాళ్లు ఎక్కువగా మాట్లాడరు. అది చీలిక కదా, చీలిక కదిలితే వదులు. కొట్టిన మేకును పట్టుకారుతో నాలుగైదు మిల్లీమీటర్లు పైకి లాగండి, ఆ తర్వాత వేళ్లతోనే వచ్చేస్తుంది. మరమ్మతు చేసేవాళ్లకు ఇది వరం. పాత పలక పాడుకాకుండా మేకు తీయొచ్చు. కానీ ఏళ్లకేళ్లు కదలికతో మేకు తనంతట తానే కొంచెం పైకి వస్తే అదే గుణం శాపమవుతుంది. నేను అయిదేళ్ల కిందట చేసిన ఒక పెట్టెలో రెండు మేకులు తల ఎత్తాయి. మళ్లీ ఒక్కో దెబ్బ వేశాను. తీగ మేకైతే ఎత్తేది కాదా? ఏమో, ఎత్తేదే కావచ్చు. స్క్రూ అయితే మాత్రం ఎత్తేది కాదు, ఇది ఒప్పుకోవాలి. పలకకు అవతలివైపు కొన బయటికి వచ్చేంత పొడుగు మేకు కొట్టి, ఆ కొనను మడిచి మళ్లీ కర్రలోకి దించేస్తే ఈ బెడద ఉండదు. దానికి బాగా కాల్చి మెత్తబరిచిన మేకు కావాలి, అవతలివైపు అందంతో పని ఉండకూడదు.

మేకుల లభ్యత గురించి ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి: కోత మేకులు అంతరించిపోలేదు. మసాచుసెట్స్‌లో 1819లో మొదలైన ట్రెమాంట్ పేరు మీద ఇప్పటికీ వస్తున్నాయి. ఫ్రాన్స్‌లో 1888 నుంచి ఉన్న రివియెర్ కూడా పాత పద్ధతి మేకులు చేస్తోంది.

బీరువా వెనక్కి మళ్లీ

మొన్న గాలి బాగా పొడిబారిన రోజుల్లో బావ ఫోన్ చేశాడు. రాత్రి పూట తుపాకీ పేలినట్టు చప్పుడైందట. వెళ్లి చూస్తే బీరువా వెనక పలక పైనుంచి కింది దాకా బీట. అతికించిన చోట విడిపోలేదు, జిగురు చక్కగా ఉంది. పక్కనున్న అతుకు లేని నిండు పలకే నిలువునా చీలింది. 600 మి.మీ. వెడల్పు పలక ఓ ఎనిమిది తొమ్మిది మిల్లీమీటర్లు ముడుచుకోవాలనుకుంది, చుట్టూ జిగురు వద్దంది.

“ఆ రోజు నువ్వు వెనక్కెళ్లి చూసి ఏమీ అనకుండా వచ్చేశావు. అప్పుడే అనిపించింది నాకు” అన్నాడు బావ. నా దగ్గర జవాబు లేదు. చెప్పి ఉండాల్సింది.

పలకను రంపంతో కోసి తీయడానికే ఒక పూట పట్టింది. జిగురు అంత బాగా వేశాడు మరి. బాగున్న కర్రలోంచి సన్న పలకలు ఐదు తీసి, అంచులు ఒకదాని మీద ఒకటి ఎక్కేలా మెట్టు కోశాం. ఒక్కో పలకకు వెడల్పు మధ్యలో, పైన ఒకటి, నడుమ అర దగ్గర ఒకటి, కింద ఒకటి. మొత్తం పదిహేను మేకులు. జిగురు చుక్క లేదు. పలకల మధ్య ఓ మందపాటి అట్టముక్క పట్టేంత సందు వదిలాం. బెజ్జాలు నేను వేశాను, మేకులు బావ కొట్టాడు. మూడో మేకుకే చప్పుడు పట్టేశాడు. కీచుమనగానే నేను నోరు తెరిచేలోపే చెయ్యి ఆపేశాడు.

అంతా అయ్యాక బీరువాను తిప్పి గోడకు ఆనించాం. బావ రెండడుగులు వెనక్కి వేసి ముందువైపు చూసుకున్నాడు. డవ్‌టెయిళ్లు ఎప్పటిలాగే ముచ్చటగా ఉన్నాయి.

“ఇంకొంచెం గోడకు దగ్గరగా జరుపు,” అన్నాడు. “మేకులు ఎవరికీ కనబడకూడదు.”